ఎర్రలైటు వెలిగితే ముందు ఇంజను ఆపండి
పాత అంబాసిడర్లకు ఆయిలు ప్రెషరు ఎందుకు తగ్గుతుంది? ఏ ఆయిలు పోయాలి?

పల్నాడులో ఎండలు ముదిరాయంటే రెంటచింతల పేరు పత్రికలకెక్కుతుంది. 45 డిగ్రీలు అక్కడ వింత కాదు. పెళ్ళిళ్ళ కాలమూ అదే. మాచర్ల నుంచి గురజాల వైపు ఓ పాత అంబాసిడరు వస్తోందనుకోండి. లోపల ఎనిమిదిమంది. డిక్కీ నిండా సారె సామాను. దారిలో రైల్వే గేటు పడింది. బండి నిలిచి ఇంజను స్లోలో తిరుగుతుండగా మీటరు బోర్డు మీద ఎర్రలైటు మిణుకుమంది.

“ఏమిటబ్బాయ్ ఆ లైటు?” అన్నాడు ముందు సీట్లో ఉన్న పెద్దాయన.

“ఎండకు అలాగే వెలుగుద్ది బాబాయ్. తొక్కితే ఆరిపోద్ది” అన్నాడు డ్రైవరు.

గేటు తీశాక తొక్కాడు. నిజంగానే ఆరిపోయింది. ముహూర్తానికి చేరారు. తిరుగు ప్రయాణంలో మాత్రం ఇంజను అడుగు నుంచి కడకడ చప్పుడు మొదలైంది. మరో నాలుగు మైళ్ళు పోయేసరికి ఇంజను పట్టేసింది. బండిని ట్రాక్టరుకు కట్టి లాక్కుపోవలసి వచ్చింది.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. పాత బండ్లున్న ప్రతి ఊళ్ళో ఇలాంటిది ఒకటి వినిపిస్తుంది. ఆ లైటు గేటు దగ్గరే అసలు సంగతి చెప్పింది. దాని మాట ఎవరూ వినలేదు. అంతే తేడా.

బండి పోతే మళ్ళీ రాదు

పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపారాలో 1950ల చివర మొదలైన అంబాసిడరు తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. కొత్త బండి ఇక రాదు. ఉన్నవాటినే కాపాడుకోవాలి. 15 ఏళ్ళు దాటిన సొంత కారును తనిఖీకి చూపించి, ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ఆఖరున తయారైన బండ్లకు కూడా 2029లో 15 ఏళ్ళు నిండుతాయి. పొగ కక్కే బండికి, చప్పుడు చేసే బండికి ఆ తనిఖీ గట్టెక్కడం కష్టం. ఇంజను పోయిందంటే చాలామంది బండిని తుక్కు కింద అమ్మేస్తున్నారు.

తండ్రి కొన్న బండి అని దాచుకున్నవారున్నారు. ఊరి రోగులను ఆసుపత్రికి చేరవేస్తూ నాలుగు డబ్బులు చూసుకునేవారున్నారు. వారికి ఈ లైటు సంగతి తెలియడం అవసరం. కొన్న ఆయిలు డబ్బా ఖరీదుతో పోయేదాన్ని క్రాంకు దాకా తెచ్చుకోవడం తెలియకపోవడం వల్లనే.

పొలంలో పైపు లాంటిదే

ఇంజనులో తిరిగే క్రాంకు ఇనుము మీద ఇనుము ఆని తిరగదు. బేరింగు షెల్సుకూ క్రాంకుకూ నడుమ సన్నని సందు ఉంటుంది. కొత్త ఇంజనులో ఆ సందు అంగుళంలో వెయ్యో వంతు నుంచి మూడు వంతుల లోపు. తల వెంట్రుక మందానికి మించదు. ఆ సందులో ఆయిలు పొర నిలబడి క్రాంకును తేల్చి పట్టుకుంటుంది. పొర ఉన్నంతకాలం అరుగుదల దాదాపు ఉండదు. పొర తెగిన క్షణం నుంచి లోహం లోహాన్ని గీస్తుంది.

ఇంజను అడుగున ఉన్న ఛాంబరు నుంచి ఆయిలును పంపు లాగి, ఫిల్టరు మీదుగా బేరింగులకు తోస్తుంది. పంపు పని తోయడమే. ఆ ఆయిలు సన్నని సందుల్లోంచి కష్టంగా బయటపడుతుంది గనుక ప్రెషరు నిలబడుతుంది. ఇది రైతుకు కొత్త సంగతి కాదు. పొలంలో మోటారు అదే, బావి అదే. పైపుకు నాలుగు చిల్లులు పడితే చివరి స్ప్రింక్లరు తిరగదు. మోటారును తిట్టి లాభం లేదు. చిల్లులు చూడాలి. ఒక్కోసారి చిల్లులుండవు. ఫుట్ వాల్వుకు చెత్త పడుతుంది. బావిలో నీరు దిగిపోతుంది. మోటారే అరిగిపోతుంది. పొలంలో ఎన్ని కారణాలున్నాయో ఇంజనులోనూ అన్నే ఉన్నాయి.

బేరింగుల అరుగుదలలో ఒక లెక్క గుర్తుంచుకోవాలి. సందు రెట్టింపయితే దానిలోంచి కారిపోయే ఆయిలు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. అందుకే ఏళ్ళ తరబడి బాగున్న ప్రెషరు ఒక దశ దాటాక గబగబా పడిపోతుంది.

దీనికి వేడి తోడవుతుంది. 40 డిగ్రీల దగ్గర ఆముదంలా ఉన్న ఆయిలు 100 డిగ్రీలకు వచ్చేసరికి దాదాపు తొమ్మిదో వంతు చిక్కదనానికి పల్చబడుతుంది. రైల్వే గేటు దగ్గర జరిగింది అదే. ఆయిలు బాగా కాగింది. ఇంజను నెమ్మదిగా తిరుగుతోంది గనుక పంపు తోసేది తక్కువ. అరిగిన సందుల్లోంచి కారేది ఎక్కువ. ప్రెషరు పడింది. తొక్కితే పంపు జోరుగా తిరిగి లైటు ఆరింది. రోగం మాత్రం ఉన్నచోటే ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజను రెంటచింతల ఎండలోనూ లైటు వెలిగించదు. ఎండ ఒక నెపం మాత్రమే.

లైటు ఆరితే అంతా బాగున్నట్టు కాదు

ఈ ఎర్రలైటుకు ఇంజను పక్కన బిగించిన చిన్న స్విచ్చి ఉంటుంది. సాధారణంగా ప్రెషరు 5 నుంచి 10 పౌండ్లకు పడిపోయినప్పుడే అది లైటు వెలిగిస్తుంది. ఈ పౌండ్లు టైరు గాలి కొలిచే పౌండ్లే. రోడ్డు మీద 50 పౌండ్ల ప్రాంతంలో ఉండవలసిన ఇంజనులో 15 పౌండ్లే ఉన్నా లైటు నోరెత్తదు. అంటే అది ముందుగా హెచ్చరించే లైటు కాదు. చివరి కేక.

అందువల్ల లైటు వెలిగితే చేయవలసింది ఒక్కటే. బండి పక్కకు తీసి ఇంజను ఆపాలి. “షెడ్డు దగ్గరే ఉంది, మెల్లగా పోదాం” అనుకోవడం పనికిరాదు. ఆయిలు పొర లేని బేరింగు పాడవడానికి ఒకటి రెండు నిమిషాలు చాలు.

పొద్దున్నే మరో చిన్న పరీక్ష ఉంది. తాళం తిప్పి, ఇంజను స్టార్టు చేయకముందు చూడండి. లైటు వెలగాలి. స్టార్టు కాగానే కొద్ది సెకన్లలో ఆరాలి. తాళం తిప్పినా వెలగకపోతే బల్బు పోయిందో, వైరు ఊడిందో చూడాలి. లైటు విసుగని వైరు పీకేసిన బండ్లు కూడా ఉన్నాయి. పాత బండి కొనేవారు ముందు ఇది చూసుకోవాలి.

నాడి చూడకుండా మందు వేయవద్దు

లైటు వెలిగిందని చెప్పగానే కొందరు “ఇంజను దింపాలి” అంటారు. మరికొందరు “చిక్కటి ఆయిలు పోస్తే సరి” అంటారు. రెండూ నాడి చూడకుండా చెప్పే మాటలే. ఖర్చు లేని పరీక్షలు ముందు చేయాలి. ఖర్చు ఉన్నవి తరువాత. వరుస ఇదీ.

మొదటిది ఆయిలు మట్టం. బండిని చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి పది నిమిషాలు ఆగాలి. గేజి పుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి చూడాలి. మట్టం కింది గీత కంటే దిగువన ఉంటే మలుపుల్లోనూ బ్రేకు వేసినప్పుడూ పంపు ఆయిలుకు బదులు గాలి పీలుస్తుంది. లైటు అప్పుడే మిణుకుమంటుంది. అలాగని పై గీత దాటించి పోయవద్దు. ఎక్కువైన ఆయిలును క్రాంకు చిలికి నురగ చేస్తుంది. నురగకు ప్రెషరు నిలవదు.

రెండోది ఆయిలు రంగు, వాసన. పుల్ల మీది చుక్కను వేళ్ళ మధ్య రాయండి. నల్లగా ఉన్నంత మాత్రాన దోషం కాదు. ఆయిలు మురికిని తనలో కలుపుకుంటోందన్నమాట. పెట్రోలు వాసన వస్తే మాత్రం జాగ్రత్త. ఇంజనుకు బిగించిన మెకానికల్ పెట్రోలు పంపులో డయాఫ్రం చిరిగితే పెట్రోలు తిన్నగా ఛాంబరులోకి దిగుతుంది. అలాంటప్పుడు ఆయిలు మట్టం తగ్గకపోగా పెరుగుతుంది. ఆయిలు పెరిగిందని సంతోషించేవాళ్ళున్నారు. నిజానికి అది పల్చబడి నీళ్ళయిపోతోంది. ముందు పెట్రోలు పంపు బాగుచేసి, ఆయిలు మార్చి చూస్తే చాలాసార్లు ప్రెషరు తిరిగి వస్తుంది. ఆయిలు పాలు కలిపిన కాఫీలా ఉంటే రేడియేటరు నీరు కలుస్తోందని అర్థం. హెడ్ గాస్కెట్టు చూడాలి. అలాంటి బండిని నడపనే కూడదు.

మూడోది వైరు, స్విచ్చి. తాళం తిప్పి, ఇంజను స్టార్టు చేయకుండా స్విచ్చి దగ్గర వైరు ఊడదీయండి. లైటు ఆరాలి. ఆరకపోతే వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది. దోషం ఇంజనుది కాదు, వైరుది. వైరు బాగుంటే స్విచ్చి మీద అనుమానం పెట్టుకోవచ్చు. పాత స్విచ్చిలు చెడిపోవడం, వాటిలోంచి ఆయిలు కారడం మామూలే. అయితే స్విచ్చి తప్పని అనుకుని వదిలేయకూడదు. రుజువు కావాలి.

నాలుగోది ఆ రుజువు. స్విచ్చి విప్పి అదే మరలో ముల్లున్న మెకానికల్ ప్రెషరు గేజి బిగించాలి. మంచి షెడ్డులో ఈ గేజి ఉంటుంది. లేదంటే ఉన్న షెడ్డుకే వెళ్ళండి. గేజి పెట్టకుండా ఇంజను దింపమన్న మెకానిక్కుకు ఒక నమస్కారం పెట్టి వచ్చేయడం మేలు.

ముల్లు ఏం చెబుతుంది?

గేజి బిగించాక మూడు సార్లు చూడాలి. చల్లటి ఇంజను స్లోలో ఒకసారి. ఇరవై కిలోమీటర్లు నడిపి బాగా వేడెక్కాక స్లోలో ఒకసారి. వేడి మీదనే యాక్సిలరేటరు తొక్కి పట్టి ఒకసారి. మూడు అంకెలూ కాగితం మీద రాసుకోవాలి.

1489 సీసీ పెట్రోలు అంబాసిడరుకు వేడెక్కాక రోడ్డు వేగంలో 50 పౌండ్ల ప్రాంతం, స్లోలో 15 పౌండ్ల ప్రాంతం ఆరోగ్య లక్షణం. 1990ల్లో వచ్చిన 1817 సీసీ ఇసుజు ఇంజనుకు, డీజిలు బండ్లకు, 1089 సీసీ ప్రీమియర్ పద్మినికి వాటి వాటి పుస్తకాల్లో చెప్పిన అంకెలే ప్రమాణం. పుస్తకం లేనివారికి మెకానిక్కులు వాడే ఓ మోటు లెక్క ఉంది. వేడి ఇంజను నిమిషానికి ప్రతి వెయ్యి చుట్లకు 10 పౌండ్లు చూపాలి. రెండు వేల చుట్లకు 20, మూడు వేలకు 30. అంతకు తగ్గితే ఆలోచించాలి.

అంకెలను ఇలా చదవాలి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక స్లోలో బాగా పడిపోయి, తొక్కితే లేస్తుంటే బేరింగులు అరిగాయని గాని, ఆయిలు పల్చబడిందని గాని అనుకోవాలి. ముందు ఆయిలు, ఫిల్టరు మార్చి మళ్ళీ కొలవాలి. అప్పటికీ అంతే ఉంటే బేరింగులే.

చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా ఎప్పుడూ తక్కువే అయితే అనుమానం పంపు మీద, రిలీఫ్ వాల్వు మీద పెట్టాలి. ప్రెషరు మరీ పెరిగితే ఆయిలును వెనక్కు వదిలే కవాటం ఈ రిలీఫ్ వాల్వు. పాత అంబాసిడరు ఇంజనులో అది గోపురం లాంటి నట్టు కింద, స్ప్రింగుతో ఉంటుంది. దాని కింద ఇసుక రేణువంత మురికి చేరినా కవాటం మూసుకోదు. ఆయిలంతా బేరింగులకు పోకుండా వెనక్కు పారిపోతుంది. నట్టు విప్పి, స్ప్రింగు, కవాటం తీసి కడిగి బిగిస్తే కొన్నిసార్లు కథ అక్కడితో ముగుస్తుంది. స్ప్రింగు కింద వాషర్లు పెట్టి బిగువు పెంచే నేర్పరులున్నారు. ఆ పని చేయనివ్వవద్దు. కవాటం బాగా మూసుకునే బండిలో స్ప్రింగును బిగిస్తే స్లోలో ప్రెషరు పెరగదు. అరిగిన బేరింగు సందు తగ్గదు.

మామూలు వేగంలో బాగుండి, జోరు పెంచేకొద్దీ ముల్లు దిగిపోతుంటే ఛాంబరులోని జల్లెడకు మడ్డి పట్టింది. ఫుట్ వాల్వుకు చెత్త పట్టిన బావి మోటారు కథే ఇది. ఛాంబరు విప్పి మడ్డి తీయాలి. నిన్నటిదాకా బాగుండి ఈరోజు ఒక్కసారిగా సున్నా చూపితే, మట్టం కూడా సరిగ్గా ఉంటే, పంపును తిప్పే భాగమో, ఆయిలు పీల్చే గొట్టమో ఊడింది. ఇంజను మళ్ళీ స్టార్టు చేయకూడదు.

చెవులకు కూడా పని చెప్పాలి. పైన టాపెట్ల టిక్కుటిక్కు వేరు. అది సర్దుబాటుతో పోతుంది. వేడెక్కాక, తొక్కి వదిలినప్పుడు అడుగు నుంచి వచ్చే టకటక బిగ్ ఎండ్ బేరింగులది. బరువు మీద ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చే బరువైన దడదడ మెయిన్ బేరింగులది. గేజి అంకె తక్కువై ఈ చప్పుడు కూడా ఉంటే ఏ ఆయిలూ కాపాడదు.

క్రాంకుకు నాలుగు ఆయుష్షులు

బేరింగులని తేలితే కూడా భయపడవలసింది లేదు, త్వరపడితే. ఛాంబరు విప్పి, షెల్స్ తీసి, క్రాంకును మైక్రోమీటరుతో కొలవాలి. క్రాంకు గుండ్రంగా, గీతలు లేకుండా ఉంటే కొత్త షెల్సుతో పని అయిపోతుంది. గీతలు పడినా, ఓ పక్క అరిగినా గ్రైండింగు చేయించి, అందుకు తగిన లావు షెల్స్ వేయాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ పని చేసే షాపులున్నాయి.

1489 సీసీ ఇంజనుకు ఈ షెల్స్ అంగుళంలో వెయ్యో వంతు లెక్కన 10, 20, 30, 40 సైజుల్లో రూపొందించారు. అంటే క్రాంకును నాలుగుసార్లు మాత్రమే గ్రైండింగు చేయగలం. నాలుగో కోత అయిపోతే ఆ క్రాంకు పని సరి. లైటు చూసి ఆగినవాడికి షెల్సుతో పోతుంది. లైటును తొక్కి ఆర్పినవాడికి ఒక ఆయుష్షు ఖర్చవుతుంది. పట్టేసేదాకా నడిపినవాడికి క్రాంకే పోవచ్చు. విడి భాగాలు దొరకడం రోజురోజుకూ కష్టమవుతున్న బండికి ఇది చిన్న సంగతి కాదు.

కొలవకుండా షెల్స్ మాత్రం మార్చి బిగించే పనికి ఒప్పుకోవద్దు. కోలగా అరిగిన క్రాంకు మీద కొత్త షెల్స్ నిలవవు.

డబ్బా మీద అంకెలకు అర్థం

ఇక ఆయిలు ఎంపిక. డబ్బా మీద 20డబ్ల్యూ-50 అని, 15డబ్ల్యూ-40 అని ఉంటుంది. డబ్ల్యూ అంటే చలికాలం అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటకు మొదటి అక్షరం. దాని ముందున్న అంకె చలిలో ఆయిలు ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. చలికి కొబ్బరినూనె గడ్డకడుతుంది, నువ్వుల నూనె కట్టదు. అలాంటి తేడా. ఆ అంకె ఎంత చిన్నదైతే చలిలో అంత సులువు. వెనకున్న అంకె 100 డిగ్రీల వేడిలో ఆయిలు ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. పెద్ద అంకె అంటే వేడిలో చిక్కదనం ఎక్కువ.

ఈనాటి కార్లకు 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి ఆయిళ్ళు వస్తున్నాయి. వాటి బేరింగులు, పంపులు ఆ ఆయిలు కోసమే తయారైనవి. కొత్త కారుకు మంచిదని, ఖరీదైనదని అదే తెచ్చి పాత అంబాసిడరులో పోస్తే స్లోలో లైటు వెలగడం ఖాయం. ఖరీదును బట్టి కాదు, ఇంజనును బట్టి ఆయిలు.

మన ఎండలకు, పాత పెట్రోలు అంబాసిడరుకు, పద్మినికి 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిలు సరిపోతుంది. అరుగుదల లేని ఇంజనుకు 15డబ్ల్యూ-40 కూడా చాలు. డీజిలు అంబాసిడరుకు డీజిలు ఇంజన్ల కోసం తయారైన 15డబ్ల్యూ-40 పోయాలి.

డబ్బా మీద ఏపీఐ అని రెండక్షరాలుంటాయి. మొదటి అక్షరం ఎస్ అయితే పెట్రోలు ఇంజనుకు, సి అయితే డీజిలు ఇంజనుకు. రెండో అక్షరం ముందుకు పోయేకొద్దీ కొత్త ప్రమాణం. ఇందులో పాత బండివారికి ఒక మెలిక ఉంది. ఆయిలులో కలిపే జింకు, భాస్వరం మందు క్యాము మీద జారే టాపెట్లను అరగకుండా కాపాడుతుంది. పాత అంబాసిడరు టాపెట్లు అలా జారేవే. అయితే ఈ భాస్వరం కొత్త కార్ల పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టరును పాడు చేస్తుంది. అందుకని 2004లో వచ్చిన ఎస్ఎం ప్రమాణం నుంచి 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి ఆయిళ్ళలో భాస్వరం 0.08 శాతం మించకూడదని కట్టడి చేశారు. 20డబ్ల్యూ-50, 15డబ్ల్యూ-40లకు ఆ కట్టడి లేదు. పాత బండికి చిక్కటి రకమే మేలనడానికి ఇది రెండో కారణం.

చిక్కదనం బలం కాదు

ప్రెషరు తగ్గిందని మరీ చిక్కటి ఆయిలు పోస్తే ముల్లు కొంచెం లేస్తుంది. లైటు ఆరుతుంది. మనసు కుదుటపడుతుంది. కాని బేరింగుకు కావలసింది గేజి మీద అంకె కాదు, సందులో పారే ఆయిలు. మరీ చిక్కనిది పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు పై భాగాలకు ఆలస్యంగా చేరుతుంది. అరిగిన షెల్సును అది మందం చేయదు. జ్వరం తగ్గడానికి థర్మామీటరును చల్లనీళ్ళలో ముంచినట్టే.

కొందరు గేరు పెట్టెకు పోసే 90 నంబరు ఆయిలును ఇంజనులో కలుపుతారు. 90 అంటే 50 కంటే చిక్కన అనుకుంటారు. అది పొరపాటు. గేరు ఆయిలు అంకెల కొలత వేరు. 90 గేరు ఆయిలు చిక్కదనంలో ఇంచుమించు ఇంజను 40, 50 నంబర్ల ఆయిళ్ళతో సమానమే. కలిపినందువల్ల లాభం లేదు. పైగా అందులో పళ్ళచక్రాల కోసం కలిపే గంధకపు మందులు ఇంజనులోని రాగి, కంచు భాగాలకు పడవు. మురికిని పట్టి ఉంచే గుణం కూడా దానికి లేదు. ఇంట్లో ట్రాక్టరు ఉంది కదా అని దాని హైడ్రాలిక్ ఆయిలు పోయడం కూడా అంతే తప్పు.

మరో అలవాటు, ఆయిలు మార్చేటప్పుడు డీజిలు పోసి ఇంజను తిప్పి కడగడం. ఏళ్ళ నాటి మడ్డి ఒక్కసారిగా ఊడి జల్లెడకు అడ్డం పడుతుంది. నిన్నటిదాకా వెలగని లైటు ఆ రోజు నుంచి వెలుగుతుంది. మడ్డి ఎక్కువగా ఉంటే ఛాంబరు విప్పి చేత్తో తీయించడమే పద్ధతి. లేదా మంచి ఆయిలును రెండు మూడుసార్లు త్వరత్వరగా మారిస్తే అదే మెల్లగా కడిగేస్తుంది.

అయితే 15డబ్ల్యూ-40 నుంచి 20డబ్ల్యూ-50కి మారడం తప్పు కాదు. గేజి పెట్టి చూశాక, చప్పుడు లేకుండా, వేడి మీద స్లోలో అంకె కొంచెం మాత్రమే తక్కువగా ఉంటే ఆ మార్పు న్యాయమైనదే. రోగం తెలిసి వేసే మందు అది. కప్పిపెట్టే మందు కాదు.

కొనేటప్పుడు, మార్చేటప్పుడు

డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజు ఆయిలు జోలికి పోవద్దు. వాడేసిన ఆయిలును వడకట్టి అమ్మినా కంటితో కనిపెట్టలేం. సీలు ఉన్న డబ్బా తీసుకుని బిల్లు అడగండి. ఖాళీ అయిన డబ్బాకు చిల్లు పొడిచి పారేయండి. లేకపోతే అదే డబ్బా కల్తీ సరుకుతో మళ్ళీ మీ దగ్గరకే రావచ్చు.

పాత పెట్రోలు ఇంజనుకు 5 వేల కిలోమీటర్లకు గాని, ఏడాదికి గాని, ఏది ముందయితే అప్పుడు ఆయిలు మార్చడం మంచిది. దుమ్ము రోడ్ల మీద తిరిగే బండికి ఇంకా ముందే. ఆయిలుతో పాటు ఫిల్టరు కూడా మార్చాలి. పాత ఫిల్టరు ఉంచి కొత్త ఆయిలు పోయడం స్నానం చేసి మాసిన బట్టలు కట్టుకోవడం లాంటిది. ఇంజను వెచ్చగా ఉండగా విప్పితే మురికితో సహా ఆయిలు బాగా దిగుతుంది. తీసిన ఆయిలును కాలువలో పోయవద్దు. డబ్బాలోకి పట్టి షెడ్డులో ఇవ్వండి.

పాత అంబాసిడరు కొనబోయేవారికి ఒక మాట. అమ్మేవారు తెల్లవారగానే రమ్మంటే, ఇంజను చల్లగా ఉండగా చూపిస్తే, అక్కడే సంతకం చేయవద్దు. ఇరవై కిలోమీటర్లు నడిపి, చెట్టు కింద ఆపి, స్లోలో ఐదు నిమిషాలు ఉంచండి. ఎర్రలైటు వైపు చూస్తూ కూర్చోండి. మిణుకుమంటే బేరం మాట అప్పుడు మాట్లాడవచ్చు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలన్నారు. ఈ ఎర్రదీపం విషయంలోనూ అంతే. ఆ రోజు రైల్వే గేటు దగ్గర ఇంజను ఆపి, గేజి పుల్ల తీసి చూసి, వేరే బండిలో పెళ్ళికి పోయి ఉంటే ఓ గంట ఆలస్యమయ్యేది. పెద్దాయన నాలుగు మాటలు అనేవాడు. బండి మాత్రం మర్నాడు షెడ్డుకు తన చక్రాల మీద తానే వెళ్ళేది.